లంబసింగిలో ఏడున్నర సీరియల్

పిలుపులకి ముందు

నా పేరు కాండ్రేగుల సన్యాసిరావు. అనకాపల్లి బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడా డిపో లేదు, టైర్లూ లేవు. చదువు తొమ్మిదో తరగతి. పేషెంటు తాలూకు మనిషి ఏం జరిగిందో, తనకేమనిపించిందో సొంత చేత్తో లాగ్ రాయాలని ఈ శీతాలయం వారి రూలు. యంత్రం చూసేది యంత్రం రాసుకుంటుందట, మనిషి చూసేది మనిషి రాయాలట. తప్పులుంటే డాక్టర్ ఇమాన్యుయేలుగారు సర్దుకోవాలి.

ముందుగా ఇది రాసుకోండి. నాకు ఆనందంగా ఉంది! ఎంత ఆనందమంటే, పొద్దున్న నీళ్ల కార్డు చూపించి బిందె నింపుకుని, బిందె అక్కడే వదిలేసి కార్డు మాత్రం భద్రంగా పట్టుకుని క్వార్టర్‌కి వచ్చేశాను. మా హైమకి కొత్త ఊపిరితిత్తులు పట్టాయి! రేవులో క్రేను నడిపి నడిపి దుమ్ముతో రాయైపోయిన పాతవి తీసేసి, దాని ఒంట్లో కణంతోనే పెంచిన కొత్తవి పెట్టారు. పన్నెండేళ్లుగా మంచులో పడుకున్న పిల్ల. పిల్లంటే, పడుకునేనాటికే నలభై తొమ్మిది. నాకు పిల్లే. పెళ్లి వద్దనుకుంది, నాతోనే ఉంది. ఇవాళ దాని ఊపిరి అది తీసుకుంటోంది! గాజు ఇవతల నిలబడి ఆ ఛాతీ లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయాను. ఎండ సైరన్ మోగినా వినపడలేదు. సైరన్ మోగాక బయట తిరగనివ్వరు కాబట్టి మధ్యాహ్నమంతా అక్కడే కూర్చోబెట్టారు. నాకేం, మరీ మంచిది!

ఒకప్పుడు ఈ లంబసింగికి మనుషులు చలి చూడ్డానికి వచ్చేవారు. ఇప్పుడు చలి శీతాలయం నేలమాళిగలోనే ఉంది. దానికీ టికెట్టే.

ఇక మిగిలింది పిలవడం. మంచులోంచి తీసిన మనిషికి ముందు ఒళ్లు లేస్తుంది, మనసు లేవదట. తెలిసిన చోటు, తెలిసిన చప్పుడు ఉంటే, ఇది మనిల్లే కదా అనుకుని కళ్లు తెరుస్తుందట. మొత్తం ఐదు పిలుపులు. ఐదింటికీ పలక్కపోతే మెదడు అలిసిపోతుంది, మళ్లీ మంచులో పెట్టేస్తారు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ముట్టుకోరు. నాకు ఎనభై ఏడు. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, నేను మాత్రం వెయ్యను. ఆనందంగా ఉన్న రోజున లెక్కలేటి!

పిలిచే పని శీతాలయం వాళ్లు చెయ్యరు. ‘పాతతేనె’ అని ఒక కంపెనీకి ఇచ్చారు. వాళ్లు దశాబ్దాలు అమ్ముతారు. మనిషి పడుచువయసు ఏ పదేళ్లలో గడిచిందో చూసి, ఆ పదేళ్లనీ గదిలో పరుస్తారు. మా హైమకి రెండువేల దశకం పడింది. ఆ కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి పేరు జోషిత. ముప్పై ఉండవు. నడుం కిందికి జారిపోయే జీన్సు, చేతికి రంగురంగుల ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు, మెడలో బటన్ల ఫోను. ఆ ఫోను పనిచెయ్యదు, ఊరికే నగలా వేలాడుతుంది.

“హాయ్ అంకుల్! టూ థౌజండ్సంటే నాకు ప్రాణం అంకుల్! ఎంత స్వచ్ఛమైన రోజులు!”

“ఏటమ్మా స్వచ్ఛం? మా వీధి మురిక్కాలవా?”

ఆ పిల్ల గట్టిగా నవ్వి, నేను జోక్ వేశానని యంత్రంలో రాసుకుంది. అసలు నా మనవరాలి వయసు పిల్ల నన్ను తాతా అనాలి. ఆ కాలంలో అందరూ అందర్నీ అంకులనేవారని ఎక్కడో చదివిందట, అందుకని అంకుల్.

మేం టీవీలో ఏమేం చూశామో చెప్పే మా ఇంటి పాత డిష్ రికార్డు ఎక్కడినుంచో తవ్వి తీశారు. “రోజూ ఏడున్నరకి ఒకే సీరియల్ అంకుల్! ఏళ్ల తరబడి! హైమగారు కూడా చూసేవారా?”

“ఒక్క రోజు తప్పలేదు” అన్నాను. అది నిజమే.

“ఓహ్, ప్రాణమన్నమాట” అని ఏదో నొక్కేసింది.

గదిలో నేనెలా ఉండాలో కూడా చెప్పింది. ప్రేమగా మాట్లాడాలి. విసుగు, వెటకారం, గట్టిగా అరవడం కూడదు. నిద్రలో ఉన్న మనసు బెదిరి ఇంకా లోపలికి పోతుందట. సరేనన్నాను. కూతురు లేస్తుందంటే నా చేత ఏమైనా చేయించొచ్చు.


ఒకటో పిలుపు

గదంతా లేత గులాబీ రంగు. మా ఇంటి గోడలు నీలం సున్నం, అదీ ఒక మూల పెచ్చులూడి ఉండేది. ఆ మాటే అంటే “ఫీల్ ముఖ్యం అంకుల్” అంది జోషిత. పైనుంచి వానమట్టి వాసన వదిలారు. ఏ దశాబ్దం అడిగినా వీళ్ల దగ్గర ఆ ఒక్క సీసాయే ఉందని నా అనుమానం.

వెలుగుతో చేసిన ఒక యాంకరమ్మ గది మధ్యలో నిలబడి చేతులూపింది. “హలో హలో హలో! ఎవరు మాట్లాడుతున్నారు? మీ టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గిస్తారా ప్లీజ్?”

జోషిత గాజు అవతల నుంచి రెండు చేతులూ గుండెకి ఆనించుకుని చూస్తోంది, దేవుడి ఊరేగింపు చూస్తున్నట్టు. ఆ కార్యక్రమం సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. జనం పొద్దుటి నుంచి ఆ నంబరుకి ఫోన్ కొట్టేవారు. దొరక్క దొరక్క లైను దొరికేది. “ఏం చేస్తుంటారండీ?” “ఏం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటానండీ.” “ఏ పాట కావాలి?” “ఏదైనా పర్లేదండీ.” “ఎవరికి డెడికేట్ చేస్తారు?” “మా అమ్మకి, నాన్నకి, తమ్ముడికి, పిన్నికి, పక్కింటి వాళ్లకి, మీకు.” తీరా ఆ పాట సగం వచ్చేసరికి సబ్బు ప్రకటన. ఇదీ ఆ స్వర్ణయుగం! పొద్దంతా ఫోన్ కొట్టినా, అడిగిన పాట ఏదో అడిగినవాడికే తెలియదు.

మా నూకరత్నానికి ఒకసారి లైను దొరికింది. నూకరత్నం మా ఆవిడ, హైమ మంచులోకి వెళ్లడానికి ముందే పోయింది. లైనైతే దొరికింది గాని కంగారులో పాట మర్చిపోయి, “భోంచేశావా అమ్మా?” అని యాంకరమ్మని అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయి “ఇంకా లేదండీ” అంది. “ఇంత పొద్దెక్కినా తినకపోతే ఎలాగే!” అని మా ఆవిడ. అంతలో లైను కట్. నేనూ హైమా నేల మీద పడి దొర్లాం.

ఆ కథ హైమ చెవిలో చెబుదామనుకున్నాను. వెటకారం కిందికొస్తుందేమోనని భయపడి, “అమ్మా, నేను నాన్నని” అని మాత్రం అన్నాను.

గోడ మీద మనసు ముల్లు ఒకటుంటుంది, గడియారం ముల్లులాగ. మనసు కదిలితే అది కదులుతుంది. కదల్లేదు. ఫర్వాలేదు, మొదటిదే కదా! హైమ బుగ్గలకి రంగు వచ్చింది. డాక్టరుగారు గమనించారో లేదో, నేను గమనించాను.


రెండో పిలుపు

ఇవాళ సినిమాలు. హీరో తొడ కొట్టాడు, పది బండ్లు గాల్లోకి లేచాయి. నేను ముప్పై ఏళ్లు టైర్లు మార్చినవాణ్ని. బండి ఎగరాలంటే ఏం కావాలో నాకు తెలుసు, తొడ కాదు. ఆ తర్వాత అదే హీరో మంచుకొండల మీద పల్చటి చొక్కాతో పాట. పక్కన హీరోయిన్‌కి అదీ లేదు, పాపం వణికిపోతుంటే దాన్ని డ్యాన్సన్నారు. అలాంటివి చూసి చొక్కాలు చింపుకున్నాం, పాలపాకెట్లు కోసి అట్టబొమ్మల నెత్తిన పోశాం. ఇప్పుడా పాలు ఒక గ్లాసుంటే ఈ కొండ మీద నలుగురు టీ తాగుతారు.

గదిలో స్లామ్ బుక్కులు, గ్రీటింగ్ కార్డులు, రంగురంగుల జెల్ పెన్నులు పేర్చారు. అన్నీ కొత్తవి. ఆ కాలంలో కొత్తగా ఉన్న వస్తువు మా ఇంట్లో ఒక్కటి లేదు. రిమోట్‌కి వెనక మూత ఉండేది కాదు, బ్యాటరీలు రబ్బరు బ్యాండుతో కట్టేవాళ్లం.

“ఒక్కసారైనా కరెంటు పోదేం?” అన్నాను.

“పోతే బాధగా ఉంటుంది కదా అంకుల్. మేం మంచి జ్ఞాపకాలే ఇస్తాం.”

నేను హైమ చెయ్యి పట్టుకుని ముందురోజే కంఠతా పట్టిన మాటలు చెప్పాను. “నా బంగారు తల్లీ, నా కంటి వెలుగా, నా చిట్టి చిలకా, లేమ్మా.”

ముల్లు కదిలింది! వెనక్కి.

డాక్టర్ ఇమాన్యుయేలుగారు లోపలికొచ్చి నెమ్మదిగా చెప్పారు. “మీ గొంతు ఆమెకి కొత్తగా అనిపిస్తోందేమో బాబాయ్.”

“కొత్తేటి బాబూ! పుట్టిన దగ్గర్నుంచి వింటున్న గొంతు!”

క్వార్టర్‌కి వచ్చి ఆలోచిస్తే ఆయన తప్పేం కాదనిపించింది. నేను దాన్ని బంగారు తల్లీ అని ఎప్పుడు పిలిచాను? ‘ఒసే గుంటా’ అనేవాణ్ని. కోపమొస్తే ‘హైమావతిగారూ’ అనేవాణ్ని.


ఖాళీ రోజు

రెండు పిలుపులయ్యాక మెదడుకి విశ్రాంతి ఇవ్వాలట. బియ్యం డ్రోను వచ్చింది, దించుకున్నాను. పైకప్పు మీద ఎండపలకలు తుడిచాను. సైరన్ మోగి తలుపు వేసుకోబోతుంటే జోషిత గొడుగు కింద పరుగెత్తుకొచ్చింది, చేతిలో టీ ఫ్లాస్కు. పీపాలో పెంచిన పాలతో చేసిన టీ. ఆవుని చూడని పాలు గాని, ఆ పిల్ల మనసు మంచిది.

“అంకుల్, ఆ సీరియల్ నేను మొత్తం చూసేస్తున్నాను. తొమ్మిదొందల ఎపిసోడ్లయ్యాయి. పావని భర్త గతం మర్చిపోయాడు చూశారూ, అక్కడ రెండు రోజులు అన్నం తినలేదు నేను.”

“ఏ మరుపు అమ్మా? మూడుసార్లు మర్చిపోయాడు కదా. ఒకసారి మెట్ల మీంచి పడి, ఒకసారి నెత్తిన కొబ్బరికాయ పడి, మూడోసారి ఊరికే.”

“ఊరికే కాదంకుల్, విషం పెట్టారు!” అంది. నవ్వలేదు. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

ఆ సీరియల్ సంగతి కూడా రాయాలి. పావని అని ఒక మంచి కోడలు. ఎంత మంచిదంటే, చెంపదెబ్బ కొడితే చెయ్యి నొప్పెట్టిందా అత్తయ్యా అంటుంది. చాముండేశ్వరీదేవని ఒక అత్త, పడుకునేటప్పుడు కూడా వడ్డాణం తియ్యదు. ఆవిడ మేడ మెట్లు దిగడం సోమవారం మొదలుపెడితే కింద మెట్టు మీద కాలు పెట్టేసరికి గురువారం. ఎవరైనా ఒక మాటంటే చాలు, కెమెరా గబుక్కున మొహం మీదికి దూకేది, వెనక నుంచి ధన్ మని ఉరుము. మళ్లీ వెనక్కెళ్లి మళ్లీ దూకేది, ధన్! మళ్లీ, ధన్! ఆవిడయ్యాక మావగారు, ఆయనయ్యాక తోడికోడలు, చివరికి ఆ ఇంట్లో వంటవాడి మొహం మీద కూడా. ఈలోగా మనం లేచి బట్టలు ఆరేసుకుని రావచ్చు.

మా ఇంట్లో నూకరత్నం నేల మీద టీవీకి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏడుస్తూ చూసేది. వెనక మంచం మీద నేనూ హైమా. కెమెరా దూకబోయే ముందు ఇద్దరం పందెం కట్టేవాళ్లం, ఈ మొహానికి ఎన్ని దెబ్బలని. నేను మూడంటే అది ఐదనేది. ఓడినవాళ్లు రాత్రి గిన్నెలు తోమాలి. “పావనిని వంటింట్లోంచి గెంటేస్తే మరి ఆ ఇంట్లో వంటెవరు చేస్తారు నాన్నా?” అని హైమ అడిగేది. “వడ్డాణం చేస్తుంది” అనేవాణ్ని. అప్పుడు నూకరత్నం వెనక్కి తిరక్కుండానే, “ష్! నోర్ముయ్యండి ఇద్దరూ! ఆ పిల్ల ఏటంటోందో విననీండి!” అని ఒక చిక్కుడుకాయ విసిరేది. గురి ఎప్పుడూ తప్పలేదు. ఎక్కువగా నాకే తగిలేది.

ఇదంతా చెబుతుంటే జోషిత టీ గ్లాసు కింద పెట్టేసింది.

“అంటే మీరిద్దరూ ఎగతాళి చేసేవారా? ఆంటీ ఏడుస్తుంటే?”

“బాగా.”

“పాపం ఆంటీ! ఎలా భరించారో మిమ్మల్ని! ఇది యంత్రంలో ఎలా ఎక్కించను? ‘ఇష్టం’, ‘చాలా ఇష్టం’, ‘ప్రాణం’ ఈ మూడే ఉన్నాయి అందులో.”

“ఎందుకూ ఎక్కించడం, వదిలెయ్యి.”

ఎండని కూడా లెక్క చెయ్యకుండా గొడుగేసుకుని విసవిసా వెళ్లిపోయింది. ఆ పిల్ల వదిలేసిన టీ కూడా నేనే తాగాను. పారబొయ్యడానికి మనసొప్పలేదు.


మూడో పిలుపు

గోడ మీద సీరియల్ పెట్టారు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది!

నాకు అర్థం కాలేదు. చాముండేశ్వరీదేవి మామూలు మనిషిలా టకటకా మెట్లు దిగింది, ఒక మాటంది, పావని ఒక మాటంది, శుభం. అడిగితే తెలిసిందేటంటే, ‘పాతతేనె’ వాళ్లు ఎపిసోడ్లని శుభ్రం చేశారట. అనవసరంగా తిప్పిన చోట్లు, ఉరుములు, ప్రకటనలు, గతవారం ఏం జరిగిందో చూపించే ముక్కలు అన్నీ కత్తిరించి, రంగులు దిద్దారట. మిగిలింది నాలుగు నిమిషాల కథ. ఏళ్ల తరబడి మేం చూసింది రోజుకి నాలుగు నిమిషాల కథా అని నాకే ఆశ్చర్యం.

“ఉరుములేవమ్మా? దూకుళ్లేవి? అవి తీసేస్తే ఇక ఆ సీరియల్లో ఏముంటుంది, వడ్డాణం తప్ప!”

జోషిత నా మీద అలక మర్చిపోయింది. ఆ పిల్లకి నాకంటే కోపం వచ్చింది. “నాకూ తెలియదంకుల్. చెత్త తీసేశామన్నారు గాని, ఇంత తీస్తారా? పావని మౌనంగా చూసే చూపంతా ఆ దూకుళ్లలోనే ఉంటుంది కదా! అది తీసేస్తే ఆమె బాధ ఎవరికి తెలుస్తుంది?” అంది. ఇద్దరం ఒకే వైపు నిలబడి, ఒకే ముక్క కోసం పోట్లాడాం. ఆ పిల్లది భక్తి, నాది వెటకారం, అంతే తేడా.

కత్తిరించని ఎపిసోడ్లు ఆ పిల్ల సొంతంగా దాచుకుందట. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. తెస్తానంది.

ముల్లు మాత్రం కదల్లేదు. హైమ చేతిగోళ్లు పెరిగాయి, కత్తిరించాను. నిద్రలోనే వేళ్లు ముడుచుకుంది, చిన్నప్పట్లాగే! గోళ్లు తియ్యడమంటే దానికి భయం. లోపలుంది, పిల్ల లోపలే ఉంది! నేను ఏడ్చానని నర్సు రాసిందట. ఆనందంతో అని కూడా రాయమన్నాను.


నాలుగో పిలుపు

డాక్టరుగార్ని అడిగాను, మా ఇంట్లో ఎలా మాట్లాడుకునేవాళ్లమో అలా మాట్లాడనివ్వమని. ఆయన “మీ ఇష్టం బాబాయ్, తర్వాత మిగిలేది ఒక్కటే, గుర్తుపెట్టుకోండి” అన్నారు.

అసలైన ఎపిసోడ్ మొదలైంది. గతవారం ముక్కలు, బియ్యపు సంచుల ప్రకటన, సబ్బు, మళ్లీ గతవారం ముక్కలు. అబ్బ, ఏం చెత్త! ప్రాణం లేచొచ్చింది! చాముండేశ్వరీదేవి మేడ మీద కనబడింది. మొదటి ఉరుముకి ముల్లు వణికింది. నిజంగా! నేను కుర్చీలోంచి లేచిపోయాను.

“ఒసే గుంటా, చూడవే, దిగుతోందే మీ అత్త! గురువారానికి వస్తుందిలే!” అన్నాను. ముల్లు ఇంకొంచెం పైకి లేచింది. “ఈ మొహానికి మూడు దెబ్బలు! నువ్వెన్ని?” అన్నాను.

కెమెరా దూకింది, అయిపోయింది. ఇంకోటి అన్నాను. ఇంకోటి. ఖాళీ గదిలో నా మాటలు నాకే పిచ్చివాడి మాటల్లా వినిపించాయి. ఎవరూ విసుక్కోవడం లేదు, ఎవరూ నోర్ముయ్యమనడం లేదు. నాలుగో వెటకారం నోట్లోంచి బయటికి రాలేదు. ముల్లు మెల్లగా దిగి, ఉన్నచోటికి వచ్చేసింది.

గాజు అవతల జోషిత ముక్కు చీదుకుంటోంది. నా కోసమో, హైమ కోసమో అనుకున్నాను. పావని కోసమట. పావని తాళి తాకట్టు పెట్టిందట.


ఐదో పిలుపుకి ముందు

రాయడానికేం లేదు. బియ్యం డ్రోను రాలేదు. ఇవాళ ఆనందంగా లేదని రాస్తే రూలు ఒప్పుకుంటుందా? భయంగా ఉంది. రేపు పలక్కపోతే, మళ్లీ అది లేచేసరికి ఈ గదిలో ఇంకెవరో ఉంటారు, నేనుండను. గులాబీ రంగు గోడలుంటాయి, ఆ వానమట్టి సీసా ఉంటుంది. దానికి తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.


ఐదో పిలుపు

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే జోషిత వచ్చి, “అంకుల్, ఇవాళ్టి ఎపిసోడ్‌లో పావనిని వానలో ఇంట్లోంచి గెంటేస్తారు. అసలుది, కత్తిరించనిది, ఇంతవరకు నేనూ చూడలేదు. చివర్రోజు కదా, గదిలోపల కూర్చుని చూడనా? మాట్లాడను, ఒట్టు” అంది. కంపెనీ వాళ్లు లోపలికి రాకూడదు. డాక్టరుగారు నా వైపు చూశారు. చూడనీండి అన్నాను. ఇవాళ నాకు ఎవరైనా పక్కనుంటే బాగుండుననిపించింది.

నేను హైమ తలవైపు మంచం అంచున కూర్చున్నాను. కుర్చీ ఉన్నా జోషిత గోడకి ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఇవాళ వెటకారాలేవీ వద్దు, నెమ్మదిగా హైమ తల నిమురుతూ ఉంటాననుకున్నాను. దానికి మిగిలిన ఆఖరి గంట మంచిగా గడవాలని.

వాన మొదలైంది. పావని గుమ్మంలో నిలబడింది, చేతిలో ట్రంకుపెట్టె. జోషితకి అప్పుడే కన్నీళ్లు. “మావయ్యగారికి మజ్జిగన్నం పెట్టండి, ఆయనకి పుల్లటిది పడదు” అని పావని చెబుతోంది, గెంటేసేవాళ్లకి! జోషిత వెక్కిళ్లు పెడుతోంది. ఆ పెట్టె ఖాళీదని ఎవరికైనా తెలుస్తుంది, చిటికెనవేలుతో పట్టుకుంది కదా!

నోరు ఊరుకోలేదు. “ఆ పెట్టెలో ఏముందమ్మా, గాలా?” అన్నాను.

“ష్!” అంది జోషిత.

“వానలో నిలబడి గంటయింది, తల తడవదేం? పైన గొడుగు పట్టుకుని ఎవడో నిలబడ్డాడు చూడు.”

“నోరు మూసుకోండి తాతా! ఆమె ఏం చెబుతుందో విననివ్వండి!”

వెనక్కి తిరగలేదు. చేతికున్న ఫ్రెండ్‌షిప్ బ్యాండు పీకి వెనక్కి విసిరింది. అది వచ్చి నా ముక్కుకి తగిలింది.

ముల్లు వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. గోడ మీద చాముండేశ్వరీదేవి గుమ్మంలోకి వచ్చి, వడ్డాణం సర్దుకుని, తల పక్కకి తిప్పింది. ఇక దూకుతుంది. నా నోటి వెంట అదే వచ్చేసింది, ఎవరినీ అడగకుండా. “మూడు.”

“ఐదు.”

ఎండిపోయిన గొంతు. తలుపు కింద కాగితం రాసుకున్నంత చప్పుడు.

జోషిత వినలేదు, ఏడుస్తోంది. నేను కదల్లేదు. కదిలితే పోతుందేమో! కెమెరా దూకింది, ధన్. ధన్. ధన్. ఒక్క క్షణం ఆగింది, నేను గెలిచాననుకున్నాను. మళ్లీ, ధన్! వెనక్కి వెళ్లి మళ్లీ, ధన్!

చేతి కింద దాని తల కొంచెం కదిలింది.

“గిన్నెలు నువ్వే” అంది మా హైమ.


ఇంటి లాగ్

డాక్టరుగారు ఇక రాయక్కర్లేదన్నారు. నేనే రాస్తున్నాను. రాయకుండా ఉండలేను! హైమ కూర్చుంటోంది! గంజి తాగుతోంది! ఇవాళ నన్ను రెండుసార్లు విసుక్కుంది, రెండోసారి గట్టిగా!

“నాన్నా, నిద్రలో ఎవరో ముసలాయన బంగారు తల్లీ, చిట్టి చిలకా అంటున్నాడు. ఏదో సినిమా అనుకుని అటు తిరిగి పడుకున్నాను. ఎవరా మనిషి?”

“నాకేం తెలుసు? పాతతేనె వాళ్లు పెట్టుంటారు.”

“గొంతు అచ్చం నీలాగే ఉంది.”

“ఈ కంపెనీల వాళ్లు ఏమైనా చేస్తారమ్మా, నమ్మకూడదు.”

అమ్మ గురించి అది ఇంకా ఏం అడగలేదు. మంచులోకి వెళ్లేముందే తెలుసు దానికి. నేల మీద కూర్చుని ఏడుస్తున్న జోషితని మాత్రం చాలాసేపు చూసింది. తర్వాత నా చెవిలో, “ఆ పిల్లకి ఒక గిన్నెలో చిక్కుడుకాయలియ్యి నాన్నా, ఊరికే కూర్చుంది” అంది.

జోషిత ఉద్యోగం పోలేదు. యంత్రంలో నాలుగో బొత్తాం ఒకటి పెట్టమని పైవాళ్లకి రాసిందట, ‘వెక్కిరింత’ అని. వాళ్లు ఇదేం జబ్బని అడిగారట. వాళ్లకేం తెలుసు! దశాబ్దాలమ్ముకునేవాళ్లు.

ఇప్పుడు ఏడున్నర దాటింది. సీరియల్ తొమ్మిదొందల డెబ్బై దాకా వచ్చింది, పావని ఇంకా వానలోనే ఉంది. లోపల గదిలో చాముండేశ్వరీదేవి ఉరుముతోంది. “ఆ ఇంట్లో మజ్జిగన్నం ఎవరు పెడుతున్నారు ఇప్పుడు?” అని హైమ అడిగింది. “ష్!” అంది జోషిత. ఏదో టప్‌మని ఎవరికో తగిలింది.

ఇవాళ కూడా నేనే ఓడాను. నాలుగన్నాను, ఆరు దెబ్బలు కొట్టారు, దుర్మార్గులు. మూడు కంచాలు, ఒక గంజి గిన్నె, చిక్కుడుకాయల మూకుడు. నీళ్ల కార్డు ఒప్పుకోదు, బూడిదతోనే తోమాలి.

అంత చెత్త సీరియల్ ఈ భూమ్మీద ఇంకోటి రాలేదు. ఇంకా ఎనిమిదొందల ఎపిసోడ్లున్నాయి. దేవుడి దయ!